ముందు సీట్లో బ్రేకు

డ్రైవింగ్ స్కూలు మాస్టారి కారులో బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో ఆయన కాలి కింద. ఆయన భార్య ఆ కారులో ఎన్నోసార్లు నేర్చుకోవడం మొదలుపెట్టి, అన్నిసార్లూ మానేసింది. మలుపు వచ్చేసరికి కారు ఆగిపోయేది. తను ఆపిందో ఆయన ఆపారో ఆమెకు ఒక్కనాడూ అంతు చిక్కలేదు. "కాలు తియ్యి" అనేవారు. తీసేది. చివరికి కారులోంచే కాలు తీసేసింది.

అందుకే కొండల్లో ఏటి మీద పడవ నడపడానికి వెళ్దామని మరిది అన్నప్పుడు, వస్తానని ముందుగా అన్నది ఆమే. అన్నదమ్ములిద్దరూ ఆమె వైపు ఒకసారి చూసి, మళ్లీ టీలో పడ్డారు.

అది ఇద్దరు కూర్చునే రబ్బరు పడవ. రాళ్ల మధ్య నురగలు కక్కుతూ దూకే నీళ్లలో తెడ్లు వేసుకుంటూ దిగాలి. దారి చూపే మనిషి వేరే పడవలో ముందు వెళ్తాడు. మరిదికి నీళ్లంటే భయం గనక ఒడ్డున నిలబడి ఫొటోలు తీసే పని తనే పుచ్చుకున్నాడు. మిగతా ఏర్పాట్లన్నీ మాస్టారివి.

ఆ ఏర్పాట్లలో మొదటిది, ముందు ఆయన కూర్చోవడం. బస్సయినా లారీ అయినా నడిపేవాడు ముందుంటాడు, పడవకు మాత్రం వేరే శాస్త్రం ఎందుకుంటుందన్నారు. ఈ మాట స్కూల్లో ప్రతి బ్యాచికీ చెప్పారు. కారు నేర్చుకుంటున్న బ్యాంకు మేనేజరుకు విడిగా చెప్పారు. రోడ్డు గుర్తుల బొమ్మల పక్కన, రాబోయే ఫొటో కోసం ఖాళీ ఫ్రేము ఒకటి తగిలించారు. ఆలు లేదు చూలు లేదు, గోడకు ఫ్రేమొచ్చిందని మరిది గొణిగాడు.

రోజూ సాయంత్రం హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసుకుని, చీపురు కర్రలతో సాధన చేసేవారు. కాస్త ఊపు అందుకోగానే మాస్టారి కుడికాలు గచ్చును నొక్కేది. వెనక కుర్చీలోంచి ఆమె అది చూస్తూ ఉండేది.

ఆదివారం ముగ్గురూ హాల్లో ఉండగా పడవలవాడు ఫోను చేశాడు, మాస్టారు స్పీకరు పెట్టారు. బరువులు అడిగాడు, ఈత వచ్చా అని అడిగాడు. వెనక ఎవరు కూర్చుంటారని కూడా అడిగాడు.

"మా ఆవిడ," అన్నారు మాస్టారు.

"అయితే ఆవిడకి నేను కాస్త విడిగా నేర్పాలండీ. పడవని తిప్పేది వెనకవాళ్లే. ముందువాళ్లు బలం వేసి లాగితే చాలు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ముందు సీట్లో బ్రేకేమైనా ఉంటుందాండీ?"

"పడవకే ఉండదండీ."

ఫోను పెట్టేసి మాస్టారు, సీట్లు మారుదామని ఎంతో మామూలుగా అన్నారు. ఆమె చేతిలో చీపురు కర్ర ఉంది. దాన్ని వదల్లేదు. ఇది కూడా పోతే ఇక తను దేన్నీ నడపబోదని ఆమెకు తెలుసు.

"సరే, నేనే ముందు కూర్చుంటాను," అంది. "ఫొటోలో మీరు నా వెనక పడతారు. బ్యాంకు మేనేజరుగారికి మీరే చెప్పుకోండి."

"చెప్పినా నమ్మరు వదినా," అన్నాడు మరిది. "ముందువాడే డ్రైవరని వాళ్లకి నూరిపోసింది అన్నయ్యేగా."

మాస్టారు కాసేపు కుర్చీల చుట్టూ తిరిగారు. వెనక కుర్చీని చూశారు, ముందు కుర్చీని చూశారు. చివరికి వెళ్లి ముందు కుర్చీలోనే కూర్చున్నారు. ఫొటో దగ్గర్నుంచి తియ్యమని తమ్ముడికి చెప్పారు.

"ఎడమ," అంది ఆమె వెనకనుంచి.

ఆయన ఎడమవైపు కర్ర వేశారు.

"కుడి."

వేశారు.

"ఇప్పుడు పెద్ద రాయి."

మాస్టారి కుడికాలు గచ్చును గట్టిగా నొక్కింది.

"కాలు తియ్యండి," అంది.

తీశారు.