గేటు వేసిందెవరు

మా లాయరు ట్రెంచర్డ్ అవతలివాళ్లకి అమ్ముడుపోయాడని నాకు ఉదయం పదకొండింటికల్లా తేలిపోయింది.

వాదన మొదలుపెట్టి పట్టుమని పది నిమిషాలు కాలేదు. సంచిలోంచి ఒక పాత తీర్పు నకళ్లు తీశాడు. ఒకటి జడ్జిగారికి పంపి, ఇంకొకటి అవతలి లాయరు మిస్ ఓక్‌షాట్ చేతిలో పెట్టాడు. ఇది తన క్లయింటుకి వ్యతిరేకంగా ఉందనీ, అయినా కోర్టు దృష్టికి తేవడం తన బాధ్యత అనీ చెప్పాడు. ఓక్‌షాట్ మొహం చూస్తే ఆ తీర్పు సంగతి ఆవిడకి అప్పటిదాకా తెలియదని ఎవరైనా చెప్పగలరు. పిలిచి పీట వేసినట్టు ఈయనే అందించాడు. పైగా ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే మెట్ల మీద ఎదురెదురు గదులట. కేసుల్లో మాత్రం చెరో వైపు నిలబడతారట. వినడానికే నాకు ఒళ్లు మండింది.

మాది పెద్ద ఆస్తి తగాదా కాదు. థార్న్‌గిల్ కొండ అంచున మా ఇల్లు. నేను, చక్రాల కుర్చీలో మా చెల్లెలు గ్రెటా, కొన్ని కోళ్లు. రోడ్డెక్కాలంటే పక్క పొలంలోంచి వెళ్లే బండిబాట ఉంది. అది కాదంటే ఇరవై మూడు రాతి మెట్లు. ఇరవై రెండేళ్లుగా ఆ బాట మీదే గ్రెటాని వ్యానులో ఆసుపత్రికీ, చర్చికీ, సంతకీ తిప్పాను. ముసలి రైతు బతికున్నన్నాళ్లూ వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన పోయాక పొలం కొన్న డగ్లస్ పీకాక్ మార్చిలో గేటుకి తాళం వేశాడు. అప్పట్నుంచి గ్రెటా ఇల్లు దాటలేదు. ఇరవై ఏళ్లు ఎవర్నీ అడక్కుండా, బాహాటంగా, ఎవరూ అడ్డుపెట్టకుండా నడిస్తే ఆ బాట మీద హక్కు వస్తుంది. ఆ హక్కు కోసమే కోర్టుకి వచ్చాం.

ట్రెంచర్డ్ ఇచ్చిన తీర్పు బ్లెన్‌కిన్ అనే ఆయన కేసులోది. ఏడాదికి ఒక్కరోజు దారి మూసినా, తక్కిన రోజుల్లో జనం నడిచింది స్థలం యజమాని అనుమతితోనే అని లెక్క. అనుమతితో నడిస్తే హక్కు పుట్టదు. అది పైకోర్టు మాట. కింద కోర్టు జడ్జి దానికి నచ్చినా తలొంచాల్సిందే, నచ్చకపోయినా తలొంచాల్సిందే. అవతలి సాక్షి, ముసలి గొర్రెలకాపరి ఒకడు, క్రిస్మస్ మర్నాడు గేటు మూసి ఉండేదని తన వాంగ్మూలంలో ఎక్కడో ఒక ముక్క రాశాడు. ఓక్‌షాట్ దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు ఎర్ర సిరాతో గీత గీసుకుంటోంది.

వెనక కూర్చున్న మా సొలిసిటర్ని, అంటే కేసు కాగితాలు తయారుచేసిన లాయరమ్మని, నిలదీశాను. వ్యతిరేకంగా ఉన్న తీర్పు తెలిసి దాచడం లాయరుకి తప్పని, ఇక్కడ అందరూ అలాగే చేస్తారని ఆమె నెమ్మదిగా చెప్పింది. నేను నమ్మలేదు. సొంత క్లయింటు గొంతు కోయడాన్ని మర్యాద అనుకునేవాళ్లని ఎలా నమ్మను?

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. నెల కిందట ట్రెంచర్డ్ తన గదిలో నన్ను ఒకటికి రెండుసార్లు అడిగాడు, ఆ గేటు ఎప్పుడైనా మూసేవాళ్లా అని. గుర్తులేదన్నాను. గుర్తులేకేం! వేసింది నేనే. క్రిస్మస్ మర్నాడు గుర్రాల మీద నక్కల వేటకి జనం వస్తారు, వెంట ముప్పై కుక్కలు. ఓ ఏడాది మా కోళ్లు ఆరు పోయాయి. ఆ మరుసటేటి నుంచి పొద్దున్నే నేనే గొలుసు బిగించి, చీకటి పడేలోపు విప్పేసేదాన్ని. పొలం యజమాని ముసలి రైతుకి ఆ ఊసే తెలియదు. ఇంకొకరి గేటు మూయడానికి నువ్వెవరివి అని పట్టుకుంటారేమోనని నోరు మెదపలేదు. అడిగినవాడి మీద నమ్మకమూ లేదు.

బోనెక్కాక ఓక్‌షాట్ రెండే ప్రశ్నలు వేసింది. క్రిస్మస్ మర్నాడు గేటు మూసి ఉండేదా? ఉండేది. ఆ రోజు మీరు బాట మీద వెళ్లేవారు కాదు కదా? వెళ్లలేదు. అంతటితో కూర్చుంది. ఈలోగా భోజనాల వేళైంది. నా సాక్ష్యం ఇంకా ముగియలేదు కాబట్టి కేసు గురించి ఎవరితోనూ మాట్లాడొద్దని జడ్జిగారు చెప్పారు. మా లాయరుతో కూడా.

సరే, కేసు గురించి వద్దన్నారు. టీ తాగుతారా అని నన్ను అడగొద్దన్నారా? ట్రెంచర్డ్ నన్ను చూసి మొహం తిప్పుకుని చరచరా వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే, ఎదురు కేఫ్‌లో ఓక్‌షాట్‌తో ఒకే బల్ల దగ్గర కూర్చుని గుడ్డు శాండ్‌విచ్ తింటూ నవ్వుతున్నాడు. నా టీ చల్లారిపోయింది. ఈయన ఇక ఏం అడిగినా గొయ్యి తవ్వడానికేనని గట్టిగా అనుకున్నాను.

మధ్యాహ్నం నేను మళ్లీ బోనెక్కాక మొదట లేచింది ఆయనే.

"ఆ గేటు ఎవరు మూసేవారో మీకు తెలుసా, మిస్ ఐవ్‌సన్ గారూ?"

ఆయన కళ్లలోకి చూశాను. ఆ కళ్లలో నాకు కేఫ్‌లో నవ్వే కనిపించింది.

"నాకు తెలీదండి."

ఆయన ఇంకేమీ అడక్కుండా కూర్చున్నాడు. తర్వాత వచ్చిన గొర్రెలకాపరి కూడా అదే అన్నాడు. మూసి ఉండటం చూశానుగానీ వేసిందెవరో తెలియదన్నాడు.

నాలుగింటికి తీర్పు. జడ్జిగారు నా వైపు చూసి మెల్లగా చెప్పారు. బ్లెన్‌కిన్ కేసులో దారి మూసింది యజమానే. ఇక్కడ మూసింది వేరెవరో అయ్యుంటే, ఆ తీర్పు ఈ కేసుకి వర్తించదని చెప్పడానికి తాను వెనకాడేవాణ్ణి కాదన్నారు. అలాంటి సాక్ష్యం ఒక్క ముక్కైనా తన ముందు లేదు. గేటు యజమానిది కాబట్టి మూసిందీ ఆయనే అనుకోక తప్పదన్నారు. కేసు కొట్టేశారు.

వరండాలో ట్రెంచర్డ్ దగ్గరికి వెళ్లి, గేటు వేసింది నేనే అన్నాను. ఆయన కాగితాలు సర్దడం ఆపేశాడు.

"ఆ కేసుని దాటడానికి ఉన్న దారి అదొక్కటేనండి. అందుకే అడిగాను. మా సాక్షి నోట్లో మేమే జవాబు పెట్టి అడగకూడదు, భోజనాల టైంలో మాట్లాడకూడదు. ఇంకేం చెయ్యను?"

పైకోర్టుకి వెళదామన్నాను. అక్కడ చట్టం గురించే వాదిస్తారని, ఇవాళే నా నోట్లో ఉన్న జవాబుని కొత్త సాక్ష్యంగా తీసుకోరని చెప్పాడు. పైగా తెలీదని ప్రమాణం చేసి చెప్పిందీ నేనే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయన నన్ను అమ్మేయలేదు, నా అనుమానమే నన్ను ముంచింది.

ఇరవై మూడు మెట్లూ దిగి ఇల్లు చేరాను. గ్రెటా కోటు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. గెలిస్తే ఆ పూటే బాట మీదికి తీసుకెళతానని పొద్దున మాటిచ్చాను. జరిగిందంతా చెప్పాను. కోళ్ల సంగతి చెప్పలేదా అని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

గ్రెటా కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంది.

"నేనొచ్చి ఉంటే చెప్పేదాన్నక్కా" అంది. "ఈ మెట్లు ఎక్కలేక ఆగిపోయాను."