తెల్లక్క పళ్ళకి ఇరవై రోజులు

దుప్పటి మీద నెత్తురు పడితే ఎంతసేపు చన్నీళ్ళలో ఆడించాలి, మందు మరకైతే ఎంత బ్లీచింగు కలపాలి, సిరా పడితే ఉతకాలా, చించి తుడుపుగుడ్డలు చెయ్యాలా అన్నది ఆ లాండ్రీలో ఒక్క మనిషినే అడిగేవాళ్ళు. ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ రోజుకి నాలుగు వేల దుప్పట్లు వచ్చిపడే చోటది. ఎంత పాడైన బట్టైనా ఆమె చేతిలో పడితే పాలనురగై తిరిగొచ్చేది. అందుకే అందరికీ ఆమె తెల్లక్క. పెట్టిన పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

తెల్లక్క పళ్ళు మాత్రం గోధుమరంగు. చిన్నప్పుడు తాగిన బోరునీళ్ళ పుణ్యం. పైపళ్ళ మీద అడ్డంగా చారలు, పాత రేకు మీద తుప్పునీళ్ళు కారినట్టు. నవ్వొస్తే పెదాలు బిగించి ముక్కుతో నవ్వేది. నలుగురిలో మాట్లాడాల్సొస్తే గోడకి చెప్పినట్టు పక్కకి తిరిగి చెప్పేది.

ఆ లాండ్రీలో ఇస్త్రీ హాలని ఒకటుంది. పద్నాలుగు ఆవిరి యంత్రాలు, యాభైమంది ఆడవాళ్ళు, ఒకే ఒక కిటికీ. ఆ ఒక్కదానికీ మేకులు కొట్టేశారు, దుమ్మొచ్చి దుప్పట్ల మీద పడుతుందని! మనుషుల మీద ఏం పడుతుందో ఎవడికీ పట్టలేదు. పోయిన నెల ఒకావిడ కళ్ళు తిరిగి యంత్రం మీదకి ఒరిగింది, మోచెయ్యి కాలింది. వేడిగాలిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టండి బాబూ అని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నారు. మేనేజరుతో ఎదురుగా కూర్చుని అడిగే హక్కు కార్మిక ప్రతినిధికే. పాత ప్రతినిధి రిటైరయ్యాడు. కొత్త ఎన్నికకి ఇరవై రోజుల గడువుంది.

ఇస్త్రీ హాలు ఆడవాళ్ళంతా కట్టకట్టుకుని తెల్లక్క దగ్గరికొచ్చారు. ముందు నడిచింది వాళ్ళలో అందరికన్నా పెద్దావిడ, అందరూ పెద్దమ్మ అని పిలిచే మనిషి.

"నువ్వే నిలబడాలి" అంది పెద్దమ్మ.

"నాకు మాటలు రావు పెద్దమ్మా."

"నీకా మాటలు రానిది! నిన్న గుమాస్తాని తిట్టావు చూడు, బాయిలరు కూడా నోరు మూసుకుంది."

"అది ఒక్కడి ముందు. ఇది నూటఎనభై మంది ముందు. పైగా గేటుకి ఫోటో అంటించాలంట."

"అవతల నిలబడింది ఎవరో తెలుసా? తళతళ. మేనేజరు సొంత మనిషి. వాడు గెలిస్తే ఫ్యాన్లు కాదు కదా, విసనకర్ర కూడా రాదు."

తళతళ అంటే వ్యాన్ల సూపర్వైజరు. వాడి ఫోటో అప్పుడే గేటుకి ఎక్కింది, ముప్పైరెండు పళ్ళూ హాజరు వేయించుకున్నట్టు. తెల్లక్క ఎవరివైపూ చూడకుండా సరేనంది. సాయంత్రం ఫోటో తీయించుకుంది. నోరు బిగించిన ఆ ఫోటో చూసి ఆమె తోడికోడలు పకపకా నవ్వింది.

"అక్కా, ఇది ఎన్నిక ఫోటోనా, పోలీసు స్టేషన్లో తీసిందా?"

"నవ్వవే, నీ సొమ్మేం పోయింది."

"తళతళగాడివి పుట్టుపళ్ళనుకున్నావా? టీ తాగి తాగి ఇటుకరంగుకొస్తే, పళ్ళ డాక్టరు దగ్గర గంటసేపు కుర్చీలో కూర్చుని తెల్లగా చేయించుకున్నాడు. వాళ్ళావిడే చెప్పింది. వాడికి లేని సిగ్గు నీకెందుకు? రేపు సెలవు పెట్టు."

పళ్ళు తెల్లబరుచుకోవడం సోకంటారు కొందరు. ఎవరంటారు? పళ్ళు తెల్లగా ఉన్నవాళ్ళే అంటారు! ముప్పైయేళ్ళు పెదాలు బిగించుకుని బతికిన మనిషినడిగి చూడండి, అది సోకో, ఆకలో చెబుతుంది. తెల్లక్కకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కాదు. పెళ్ళికి ముందు రోజు కూడా అంత సంబరపడలేదామె.

డాక్టరమ్మ మాట ఖండితంగా చెప్పే మనిషి. అద్దం పెట్టి చూసింది, చారల్ని గోటితో గీకినట్టు గీకింది.

"ఇవి టీ మరకలు కావమ్మా. పన్ను పెరిగేటప్పుడే లోపలికి పట్టినవి. ముందు పైపైన సన్నగా అరగదీస్తాను, గోధుమరంగు సగం పోతుంది. ఆ తర్వాత రెండు దారులున్నాయి. ఇక్కడ కుర్చీలో ఘాటు మందు పెట్టి గంటలో తెల్లబరచడం ఒకటి. మీ పళ్ళ అచ్చు తీసి తొడుగులు చేసిస్తాను, వాటిలో పల్చటి మందు వేసుకుని ఇంట్లోనే రోజూ పెట్టుకోవడం రెండోది."

"గంటలోది చేసెయ్యండి డాక్టరమ్మా."

"ఒక్కసారికి మీ మరకలు లొంగవు. నెమ్మదిగా వెళ్తేనే మీకు మంచిది. రోజుకి గంటన్నర, రెండు వారాలు."

తోడికోడలు మధ్యలో దూరింది. "నిమ్మకాయా సోడా ఉప్పూ రాస్తే పోదా డాక్టరుగారూ? ఫోన్లో చూపించారు."

"పోతుంది. మరకతో పాటు పన్ను పైపొర కూడా పోతుంది. ఫోన్లో చూపించినవాడు తిరిగి పెట్టించి ఇస్తాడేమో కనుక్కో."

తర్వాత డాక్టరమ్మ ఒక పట్టీ తీసింది. దానికి పదహారు బుల్లి పళ్ళు వరసగా, తెలుపు నుంచి పసుపు దాకా. ఒక్కొక్కటీ తెల్లక్క పంటి పక్కన పెట్టి చూస్తోంది. తెల్లక్క కుర్చీలోంచి లేచి కూర్చుంది. ఇది తన పనే! లాండ్రీలో కూడా అచ్చం ఇలాంటి రంగుల అట్ట ఉంది, ఉతికిన దుప్పటి పక్కన పెట్టి చూసేది.

"దీపం కింద చూడకండి డాక్టరమ్మా, దీపం అబద్ధం చెబుతుంది. కిటికీ దగ్గరికి పదండి."

డాక్టరమ్మ నవ్వింది. ఇద్దరూ కిటికీ దగ్గరికెళ్ళారు. పగటి వెలుగులో పద్నాలుగో నంబరు తేలింది.

అరగదీయడమూ అచ్చు తీయడమూ అయ్యాయి. మూడో రోజుకి తొడుగులొచ్చాయి. అద్దంలా పల్చగా, పంటికి పన్ను అతికినట్టు. పంటికి బియ్యపుగింజంత మందు చాలంది డాక్టరమ్మ. తెల్లక్క రోజూ అన్నం తిని, పళ్ళు తోముకుని, తొడుగులు పెట్టుకుని, గడియారం ముందు కూర్చునేది. మాట్లాడకూడదు కాబట్టి తోడికోడలు ఆ గంటన్నరా తన మనసులో మాటలన్నీ చెప్పేసుకునేది.

"అక్కా, నువ్వు రోజంతా అవి పెట్టుకుంటే ఈ ఇంట్లో ఎంత శాంతి!"

తెల్లక్క దిండు తీసి విసిరేది.

అయిదో రోజు అద్దంలో చూస్తే చార పల్చబడింది. తెల్లక్క వంటింట్లోకి పరిగెత్తి, తోడికోడలి రెక్క పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చింది. "చూడవే, చూడు! కనబడుతోందా?" ఎదురింటివాళ్ళు ఏమైందోనని తలుపులు తెరిచారు.

తొమ్మిదో రోజుకి మాత్రం కొత్త తంటా వచ్చింది. పళ్ళ మీద అక్కడక్కడా సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లమచ్చలు తేలాయి. మధ్యలో పాత రంగు. మొదట్లో అలాగే ఉంటుంది, పోనుపోను కలిసిపోతుందని డాక్టరమ్మ చెప్పే ఉంది. ఆ మాట తెల్లక్క చెవికెక్కితేగా! ఇరవయ్యేళ్ళు బట్టలుతికిన మనిషి. దుప్పటి మచ్చలు మచ్చలుగా వస్తే ఏం చెయ్యాలో ఆమెకొకరు చెప్పాలా? మందు పెంచాలి, వేడి పెంచాలి, నానుడు పెంచాలి. లాండ్రీ గోడ మీద రాసున్న సూత్రమే అది.

మందు గొట్టాన్ని వేడినీళ్ళ గ్లాసులో నిలబెట్టింది. బియ్యపుగింజ బదులు చిక్కుడుగింజంత వేసింది. బ్లీచింగు హాల్లో అందరూ మూతికి గుడ్డ కట్టుకునే పనిచేస్తారు కాబట్టి, గుడ్డ కింద తొడుగులు పెట్టుకుని షిఫ్టు షిఫ్టంతా ఉంచేసుకుంది. ఒక రోజు కాదు, ఆరు రోజులు!

పదహారో రోజు పొద్దున నోట్లో నీళ్ళు పోసుకోగానే నడినెత్తి దాకా జివ్వుమంది. చిగుళ్ళ అంచులు తెల్లగా ఉడికిపోయాయి. గాలి పీల్చినా జివ్వు, మాట్లాడినా జివ్వు. ఎన్నికకి నాలుగు రోజులు. నోరు తెరవాలని ఇదంతా చేస్తే, ఉన్న నోరు కాస్తా పడిపోయింది.

డాక్టరమ్మ ఉగ్రురాలైంది.

"గంటన్నరంటే ఎంతనుకున్నారు? షిఫ్టా? ఎవరు చెప్పారు మీకు?"

"మా పనిలో అంతే డాక్టరమ్మా."

"ఇది దుప్పటి కాదు, ప్రాణమున్న ఎముకలాంటిది. సరే, మీ పనిలోనే చెప్పండి. మందు ఎక్కువై బట్ట కాలబోతుంటే ఏం చేస్తారు?"

"తీసేసి... మంచినీళ్ళలో ఆడించి, నీడన ఆరేస్తాం. ఇంకేం ముట్టుకోం."

"అదే చెయ్యండి. మందు బంద్. ఈ పేస్టు రాసుకోండి. చిగుళ్ళు మానతాయి, జివ్వు తగ్గడానికి వారం పడుతుంది. చల్లగాలి తగలనివ్వకండి."

"నాలుగు రోజుల్లో నేను మాట్లాడాలి!"

డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. పట్టీ తీసి ఒక్కో పన్నూ పెట్టి చూసింది. ఐదో నంబరు దగ్గర ఆగింది. పద్నాలుగు నుంచి ఐదుకి! రెండు పళ్ళ మీద మాత్రం వెంట్రుకంత గీత మిగిలింది. మచ్చలు చూడబుద్ధి కాక తెల్లక్క మూడు రోజులుగా అద్దమే చూసుకోలేదు. ఇప్పుడు చూసుకుంది. చూసి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునే, గదంతా వినబడేలా ఏడ్చింది, నవ్వింది. రెండూ కలిపి చేసినట్టుంది, డాక్టరమ్మకి ఏది ఏదో తెలియలేదు.

ఎన్నిక రోజు పొద్దున్నుంచీ ఈదురుగాలి. ప్రసంగాలు ఎప్పుడూ పెరట్లోనే, వ్యాన్లు నిలబెట్టే చోట. అక్కడ ఆ గాలికి నోరు తెరిస్తే తనకి మాట రాదు, కన్నీళ్ళొస్తాయి. ఆ సంగతి తెల్లక్కకి తెలుసు. అయితే ఆ లాండ్రీలో ఒక పద్ధతుంది. చీటీ తీస్తారు. చీటీ గెలిచినవాళ్ళు ముందు మాట్లాడాలో వెనక మాట్లాడాలో తేల్చుకుంటారు, ఓడినవాళ్ళు చోటు చెబుతారు. చోటు ఎప్పుడూ పెరడే కాబట్టి అందరూ దాన్ని మర్చిపోయారు కూడా. చీటీ తళతళ గెలిచాడు, వెనక మాట్లాడతానన్నాడు.

"చోటు అడగక్కర్లేదులే, పెరడేగా" అన్నాడు గుమాస్తా.

"ఇస్త్రీ హాలు" అంది తెల్లక్క. గాలి లేని చోటు ఆమెకి అదొక్కటే తట్టింది.

తళతళ కిసుక్కున నవ్వాడు. "అక్కడ మైకు కూడా లేదక్కా."

"నాకెందుకు తమ్ముడూ మైకు?"

నూటఎనభై మంది హాల్లోకి దూరారు. డ్రైవర్లు, మూటలు మోసేవాళ్ళు, గుమాస్తాలు, మేనేజరు. చాలామంది ఆ గడప తొక్కడం అదే మొదలు. లోపలికి రాగానే మేనేజరు చొక్కా గుండీ విప్పుకుని, "ముందు ఆ యంత్రాలు ఆపండి" అన్నాడు.

"ఆపితే మళ్ళీ ఆవిరెక్కడానికి రెండు గంటలు సారూ" అంది పెద్దమ్మ. "పన్నెండింటికి ఆసుపత్రి బండి. ఆపమంటారా?"

మేనేజరు ఆపమనలేదు. యంత్రాలు బుసకొడుతూనే ఉన్నాయి.

తెల్లక్క స్టూలెక్కింది. భయంభయంగా పెదాలు విప్పింది. జివ్వుమనలేదు! వెచ్చటి ఆవిరిగాలి పళ్ళకి హాయిగా తగిలింది. ఇంకాస్త తెరిచింది. ఇంకాస్త. పక్కకి తిరగకుండా, సూటిగా, నూటఎనభై మొహాల్లోకి చూసి మొదలెట్టింది.

"నేను ఈ హాలు మనిషిని కాదు. నాది బ్లీచింగు హాలు, అక్కడ చల్లగా ఉంటుంది. ఈ గోడకి అవతలే ఇరవయ్యేళ్ళున్నాను, ఒక్కసారీ లోపలికొచ్చి నిలబడలేదు. నాకే సిగ్గుగా ఉంది."

వెనక నుంచి ఒక డ్రైవరు అరిచాడు. "తలుపు తియ్యండమ్మా, ఊపిరాడటం లేదు!"

"తియ్యకూడదన్నా, దుమ్మొస్తుందని రూలు. నువ్వొచ్చి ఎంతసేపైంది?"

"పది నిమిషాలు."

"వీళ్ళది ఎనిమిది గంటలు. నేను గెలిస్తే ముందు ఫ్యాన్ల సంగతే అడుగుతాను, తర్వాత కూడా ఫ్యాన్ల సంగతే అడుగుతాను. అయిపోయింది నా ప్రసంగం. ఇష్టమైతే చెయ్యెత్తండి."

తళతళ లేచాడు. కాలరు తడిసి మెడకంటుకుంది. నవ్వబోయాడు, చెమట కంట్లోకి కారింది. "ఫ్యాన్ల విషయం మేం సావధానంగా పరిశీలించి..."

"ఇక్కడే నిలబడి పరిశీలించు బాబూ, మేం చూస్తాం" అంది పెద్దమ్మ. హాలు గొల్లుమంది. తళతళ మూడు మాటల్లో ముగించాడు.

చేతులు లేచాయి. గుమాస్తా నూటముప్పైరెండు దాకా లెక్కపెట్టి, చెమట తుడుచుకుని, ఇక చాల్లే అన్నాడు. డ్రైవర్ల చేతులు కూడా అందులోనే ఉన్నాయి.

"ఇది కుట్ర!" అన్నాడు తళతళ. "కావాలనే మమ్మల్ని ఈ పొయ్యిలోకి తెచ్చింది."

"కుట్రా నా బొందా! పళ్ళు జివ్వుమంటున్నాయి తమ్ముడూ. పెరట్లో చల్లగాలి. నువ్వు గంటలో చేయించుకున్నది నేను ఇంట్లో చేసుకుంటూ మందెక్కువ పెట్టేశాను. అంతే."

ఆ హాల్లో లేచిన నవ్వుకి ఆవిరి బుసలు కూడా వినబడలేదు. తెల్లక్కే అందరికన్నా గట్టిగా నవ్వింది. మేనేజరు ఆ సందట్లో తలుపువైపు జారుకోబోయాడు. అక్కడ ఇస్త్రీ హాలు ఆడవాళ్ళు యాభైమందీ నిలబడున్నారు.

"రేపు మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇప్పుడే మాట్లాడుకుందాం సారూ. బయటికెళ్తే చల్లబడతారు" అంది తెల్లక్క.

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "సరే, ఒక ఫ్యాను."

"నాలుగు."

"రెండు!"

మరకలకి గుర్తుపెట్టే సుద్దముక్క పెద్దమ్మ జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఆవిడ బెంచీ గోడ దగ్గరికి లాగి, ఎక్కి, చెయ్యి అందినంత ఎత్తులో ఫ్యాను పట్టేంత పెద్ద సున్నా చుట్టింది. దాని పక్కన ఇంకోటి. బెంచీ జరపండే అంది. నలుగురు జరిపారు. మూడోది చుట్టింది. గుమాస్తా రాసిచ్చిన ఫ్యాన్ల కాగితం మీద మేనేజరు సంతకం పెడుతున్నాడు, ముక్కు మీంచి చెమట దాని మీద పడుతోంది. పెద్దమ్మ నాలుగోది చుట్టడానికి బెంచీ ఇంకా జరపమంది.