అక్క నెత్తురులో ఇనుము

చెల్లెలి ఉద్యోగమంటే అక్కకు నవ్వులాట. "అంత చదువూ చదివి చివరికి తుప్పు తయారుచేస్తున్నావటే!" అనేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ప్రయోగశాలలో చెల్లెలు చేసేవి ఇనుప తుప్పు జాతి రేణువులే. కాకపోతే కంటికి ఆననంత చిన్నవి. వాటిని నెత్తురులోకి ఎక్కించి, అయస్కాంతంతో రోగపు గడ్డ దగ్గరికి లాగి, అక్కడ వేడెక్కిస్తే గడ్డ మాడిపోవాలి. పక్క గదిలోవాళ్ళు అవే రేణువులతో కంప్యూటర్లలో సమాచారం దాచే పలకలు చేసేవారు. పలకకు నెత్తురుండదు గనక వాళ్ళ పని సాఫీగా సాగిపోయింది.

అక్క బట్టలు కుట్టేది. ఒకరోజు ఎంత ప్రయత్నించినా సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. తలలో గడ్డ ఉందనీ, బాగా లోతున ఉండడంతో కత్తి పెట్టలేమనీ డాక్టరు చెప్పాడు.

"మరి నీ తుప్పుందిగా, నాకెక్కించు" అంది అక్క ఇంటికి రాగానే.

"అది మనుషులకింకా పనికిరాదక్కా."

"నేను పోయాక పనికొస్తుందా?"

మర్నాడు చెల్లెలు ఆసుపత్రి నర్సుచేత అక్క నెత్తురు కాస్త తీయించి ప్రయోగశాలకు పట్టుకెళ్ళింది. రేణువులు కలిపి సూక్ష్మదర్శిని కింద చూసింది. చూస్తుండగానే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కట్టాయి. అలాంటి ముద్ద రక్తనాళానికి అడ్డం పడితే ప్రాణం దక్కదు.

ఇంటికొచ్చి ఏదో సర్దిచెప్పబోయింది.

"నసగకు. చూసిందేదో చెప్పు."

చెప్పేసింది. అక్క జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

"అయితే ముద్ద కట్టకుండా చెయ్యి. నెత్తురు నేనిస్తాను. ఊరికే మంచమ్మీద పడుండడం నావల్ల కాదే."

అప్పటినుంచి చెల్లెలు రేణువులకు రకరకాల తొడుగులు వేసి, అక్క నెత్తురులోనే పరీక్షించింది. ఒక్కటీ నిలవలేదు. "కొలత కుదర్లేదా? విప్పి మళ్ళీ కుట్టు" అని అక్కే ధైర్యం చెప్పేది. పోనుపోను ఆ మాటలూ తడబడ్డాయి. ఆఖరికి మాటే పోయింది.

చక్కెరజాతి పదార్థంతో వేసిన తొడుగు నిలిచింది. రేణువులు దేనికది విడివిడిగా తేలాయి. చెల్లెలు ఆసుపత్రికి పరుగెత్తింది. బావ చెంచాతో అక్క పెదాలు తడుపుతున్నాడు.

"కట్టలేదక్కా, ముద్ద కట్టలేదు!"

అక్క కళ్ళు ఆమెవైపు తిరిగాయి. అర్థమయిందో లేదో ఎవరికీ తెలియదు. ముందు జంతువులమీద చూడాలనీ, మనుషుల దాకా రావడానికి ఏళ్ళు పడుతుందనీ డాక్టరు మెల్లగా చెప్పాడు. ఆ సంగతి చెల్లెలికి తెలియనిదా! అయినా ఇప్పుడే అక్కకెక్కించమని అడిగింది.

ఆ వారంలోనే అక్క పోయింది.

కొన్నాళ్ళకు బావ ప్రయోగశాలకు వచ్చాడు.

"తన నెత్తురేమైనా మిగిలిందామ్మా?"

అద్దాల తలుపున్న ఫ్రిజ్‌లో ఒక్క గొట్టం ఉంది. పాతబడిన నెత్తురు పరీక్షకు పనికిరాదు, పారేయాలి. ఆ పని చెయ్యడానికి చెల్లెలికి చేతులు రాలేదు. చూపించింది. బావ అద్దంమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మీ అక్కకి చలి అసలు పడేది కాదు" అన్నాడు.

చెల్లెలు అప్పుడు ఏడ్చింది. అక్క పోయిననాడు కూడా అంతగా ఏడవలేదు.