గ్లాసులు ఖాళీ అయ్యాక

మా గుంపు పేరు 'మొదటి పేజీ'. నెలకో ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, ద్వారకా నగర్‌లో గణేష్ లెక్కలు చెప్పే కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో కలుస్తాం. ఎవరో ఒకరు కొత్త నవల తెచ్చి మొదటి పేజీ మాత్రం చదవాలి, ఆపైన తిప్పకూడదు. విన్నవాళ్ళు అప్పటికప్పుడు ఏది తడితే అది చెప్పాలి. ఆలోచించి చెప్పిందాంట్లో సగం అబద్ధమేనని గణేష్ సిద్ధాంతం.

నేను పోర్టులో స్టోర్ కీపర్ని. గోపాలపట్నంలో ఒంటిగది కాపురం. ఆదివారం వస్తే పాల ప్యాకెట్టు అడగడానికి తప్ప నోరు విప్పే పని పడదు. పుస్తకాల మీద ప్రేమ సంగతెలా ఉన్నా, నలుగురు కూర్చుని నా మాట వింటారని ఆ మెట్లన్నీ ఎక్కేవాణ్ణి.

టీ తెచ్చేది సన్యాసమ్మ. ఆ సెంటర్లో తుడిచేదీ ఆమే, టీ కాచేదీ ఆమే. అరవై దాటి ఉంటాయి. పైవరస ముందు పళ్ళు నాలుగూ లేవు. "చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ పీల్చి పళ్ళన్నీ రాలగొట్టుకున్నావే మామ్మా!" అని గణేష్ ఏడిపిస్తే, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. టీ పోశాక వెళ్ళిపోయేది కాదు. గ్లాసుల కోసమని చెప్పి గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడేది. చదివినంతసేపూ వినేది. ఆమె కూడా మాటల కోసమే వస్తోందని నాకు తెలుసు. ఆకలి ఆకలిని గుర్తుపడుతుంది.

ఆ నెల నవల తెచ్చింది హేమశ్రీ. ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్న పిల్ల. "మంత్రగత్తె కథండీ. కాలంలో వెనక్కి వెళ్తుంది" అంది.

"చీపురెక్కా, ఆటో కట్టించుకునా?" అన్నారు సుధారాణి గారు. ఆవిడ హైస్కూలు టీచరు.

హేమశ్రీ నవ్వు ఆపుకుని చదివింది.

"'ఆమె ఆ ఊరి పొలిమేర దాటేసరికి ఇంకా ఎవరూ ఆమెను మంత్రగత్తె అనలేదు. అనడానికి ఇంకా పదకొండు రోజులుంది. ఆ పదకొండు రోజుల్నీ ఆమె ఇప్పటికే రెండుసార్లు బతికింది. ఈసారి ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు అనుకుంది.'"

పేజీ అయ్యేదాకా ఎవరం టీ గుక్క కూడా మింగలేదు.

"అదిరింది బావా!" గణేష్ నా తొడ మీద చరిచాడు. "పదకొండంట! పది అనుంటే తేలిపోయేది."

"నాకు చేతుల మీద రోమాలు లేచాయి" అంది హేమశ్రీ.

"నేను టోపీ, పిల్లీ వస్తాయనుకున్నాను. బానే ఉంది, మనూరి మనిషిలానే ఉంది" అని సుధారాణి గారు ఒప్పుకున్నారు.

నా వంతొచ్చింది. నాకు తట్టింది వేరు. మా ఊళ్ళో చిన్నప్పుడు ఒక ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సివస్తే, మా అమ్మ నా మొహం తన కడుపుకేసి అదుముకుని గబగబా నడిచేది. ఆ ఇంట్లో ఉన్నావిడ పేరు నాకిప్పటికీ తెలియదు. అదే చెప్పాలి, నియమం ప్రకారం. "భాష బాగుందండీ" అన్నాను.

గుమ్మం దగ్గర్నుంచి సన్యాసమ్మ అడిగింది. "అమ్మా, ఆవిడ ఎనక్కెల్లి ఏటి సేస్తాది?"

"తనని మంత్రగత్తె అనకుండా ఆపుకుంటుంది కదా మామ్మా."

"ఆపితే ఆగుతారేటి!"

గణేష్ నవ్వాడు. "నీకెందుకే మామ్మా? నువ్వు కూడా ఎనక్కెల్తావేటి?"

ఆమె లోపలికొచ్చి మా గ్లాసులు ఒక్కొక్కటే తీసింది. తీసినప్పుడల్లా లోపలికి తొంగి చూసింది. హేమశ్రీ గ్లాసులో అడుగున కాస్త మిగిలింది. "తాగీమ్మా" అంది. ఆ పిల్ల తాగేసింది. నాలుగూ ఖాళీ అయ్యాక, వాటిని ఒకదాన్లో ఒకటి దోపి గుండెకి ఆనించుకుంది.

"మీరు తాగీసినాక సెప్దామని ఆగినాను బాబూ. మా ఊర్లో నన్నూ ఆ మాటే అన్నారు, చిల్లంగి అని."

హేమశ్రీ పుస్తకం మూసేసింది.

"పక్కింటి చిట్టమ్మ కూతురు. నాలుగేల్ల గుంట. ఆల్లమ్మ పొలానికెల్తే ఆకలేసి గిన్నట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. సోడంబలి పోసినాను. మూడోనాడు జొరమొచ్చి సచ్చిపోనాది. నాను పెట్టిందే తిన్నాదన్నారు. చిల్లంగి మంత్రం పలక్కుండా పల్లు ఊడగొట్టీసినారు. సుట్ట కాదు బాబూ."

గణేష్ తల దించుకున్నాడు.

"ఆ తరవాత ఊర్లో నా సేత్తో మంచినీల్లు కూడా ఎవులూ ముట్టుకోనేదు. అందుకే ఇటొచ్చీసినాను. ఇక్కడైతే నాను ఎవుర్నో ఎవులికీ తెల్దు. మీరు నవ్వుతా తాగుతారు. అది సూసుకుని మల్లీ నెల ఎల్లిపోద్ది నాకు."

"నీకు ఆ పదకొండు రోజులొస్తే, మామ్మా?" హేమశ్రీ అడిగింది.

"పొయ్యకూడదనే అనుకుంటానమ్మా. కానీ గుంట గిన్నట్టుకుని నిలబడితే..." గ్లాసులు సర్దుకుంది. "ఆవిడకి ఆకర్నేటైందో సదివి సెప్పమ్మా నాకు."

హేమశ్రీ ఏడ్చింది. సుధారాణి గారు ఎంత దారుణమండీ అన్నారు. గణేష్ అలాంటి వాళ్ళని జైల్లో వెయ్యాలన్నాడు. అందరూ మంచి మాటలే అన్నారు. నేను మా ఊరి ఇంటి సంగతి అప్పుడు కూడా చెప్పలేదు. సన్యాసమ్మ అందరి మొహాలూ ఒకసారి చూసి, గ్లాసులు కడగడానికెళ్ళింది.

నెల తిరిగింది. హేమశ్రీ పరీక్షలని రాలేదు, నవల ఆ పిల్ల దగ్గరే ఉండిపోయింది. సుధారాణి గారు సంచీలోంచి నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టుకున్నారు. "గ్యాస్ట్రిక్ అండీ, టీ మానేశాను" అన్నారు, ఎవరూ అడక్కుండానే. గణేష్ ఫోనులోంచి తలెత్తకుండా "నేనూ ఇప్పుడే కింద తాగొచ్చానండీ" అన్నాడు.

సన్యాసమ్మ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. నీళ్ళ సీసా వంక చూసింది. తరవాత నా వంక చూసింది.

లోపలికొచ్చి బల్ల మీద ఒక గ్లాసు పెట్టి టీ పొయ్యడం మొదలుపెట్టింది. అది ఎవరికో నాకు అర్థమైంది. 'ముందు నాకియ్యి మామ్మా' అనాలి, అంతే. నెలంతా గోపాలపట్నం గదిలో గోడలకి అప్పజెప్పుకున్న మాట అది. గ్లాసు నిండుతున్నంతసేపూ నోటి దగ్గరే ఉంది. గ్లాసు నిండింది.

ఆమె దాన్నెత్తి, మా ముగ్గురికీ కనబడేలా నిలబడి, వేడివేడిగా మొత్తం తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది. అప్పుడు నాకు ఇంకో గ్లాసులో పోసిచ్చింది.

తీసుకున్నాను. తాగాను. పంచదార ఎప్పట్లాగే ఒకింత ఎక్కువ.

"సదూకోండి బాబూ" అంది. ఈసారి గోడకానుకోలేదు. తలుపు దగ్గరికి లాగి, బయట మెట్ల మీద కూర్చుంది. గణేష్ కొత్త నవల తెరిచి మొదటి పేజీ అందుకున్నాడు, కాస్త గొంతు పెంచి. లోపల వింటున్నది ఇద్దరమే.