పన్నెండు వేలిముద్రలు

శ్రావణి వేసిన గడ్డపార రెండో దెబ్బకు తాళం వంగింది గానీ ఊడలేదు. లోపలినుంచి రేకుల మీద బాదుతున్న చప్పుడు మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. బాదుతున్నప్పటి కంటే ఆగిపోయాకే ఆమెకు ఎక్కువ భయమేసింది.

“తాళంచెవి యాడుండాది కంబన్నా?”

వాచ్‌మన్ కంబన్న చేతులు నలుపుకున్నాడు. గిడ్డయ్య మేస్త్రీ పొద్దున ఏడింటికే అందరినీ లోపలికి తోలి, తాళం వేసుకుని, చెవి జేబులో పెట్టుకుని పోయాడట. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదట.

మే నెల. మధ్యాహ్నం పన్నెండు దాటింది. అది నర్సరీ వెనక ఎరువుల గోడౌను. కిటికీ లేదు. పైన రేకులు, చుట్టూ రేకులు.

మూడో దెబ్బకు గొళ్ళెం చెక్కతో సహా ఊడొచ్చింది. యూరియా ఘాటు కలిసిన వేడి ముఖాన కొట్టింది. లోపల పన్నెండు మంది. జీవమ్మ నేల మీద వెల్లకిలా పడి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ఆమె భర్త గాబ్రియేలు చొక్కా విప్పి ఆమెకు గాలి విసురుతున్నాడు. శ్రావణి 108కి ఒక ఫోన్, లేబర్ ఆఫీసరుకి ఒక ఫోన్ కొట్టింది.

బనగానపల్లె శివార్లలోని ఆ నర్సరీ ఆమె తండ్రి నరసింహది. మామిడి అంట్లతో మొదలుపెట్టి, ఇప్పుడు కర్నూలు, కడప జిల్లాల్లో కాలేజీలకూ రిసార్టులకూ పచ్చిక వేసే కంపెనీ నడుపుతున్నాడు. కర్నూలు ఆఫీసు శ్రావణి చూసుకుంటుంది. ఆరు నెలల కిందట కడప రిసార్టు వాళ్ళు ఒక షరతు పెట్టారు. కూలీలను నిర్బంధించి పని చేయించడం లేదని రుజువు చూపాలి. శ్రావణి అది మనసు పెట్టి చేసింది. గేటు దగ్గర ఫిర్యాదుల ఫోన్ నంబరు రాసిన బోర్డు పెట్టించింది. సెలవు పుస్తకం పెట్టింది. ఆదివారం బయటికి పోయినవాళ్ళు అందులో వేలిముద్ర వేయాలి. నెలనెలా ఆ పుస్తకం చూసి, అంతా సవ్యంగా ఉందని సంతకం చేసేది ఆమే.

ఈ పొద్దు రిసార్టు మనుషులు తనిఖీకి వచ్చారు. కొత్త చొక్కాల్లో పన్నెండు మంది నవ్వుతూ కనిపించారు. ఫోటోలు తీసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. బోర్డు పెట్టిన నాడు తనకు మంచినీళ్ళిచ్చిన జీవమ్మ ఆ వరసలో ఏదని శ్రావణి వెతుక్కుంటూ వెనక్కి వచ్చింది. అప్పుడు వినపడింది రేకుల చప్పుడు. తనిఖీకి చూపించింది వేరే మనుషుల్ని; అసలు కూలీలు గోడౌనులో ఉన్నారు.

అంబులెన్సు వచ్చింది. జీవమ్మతో, కూలీల్లోనే ఉన్న ఆమె చెల్లెలు ఎక్కింది. గాబ్రియేలు ఎక్కలేదు.

“నేను గూడా పోతే ఈడ నిజం చెప్పేవాడు ఉండడమ్మా,” అన్నాడు.

ఆత్మకూరు పక్క పల్లె నుంచి వచ్చి రెండేళ్ళయిందట. వచ్చిన వారానికే ఆధార్ కార్డులు తీసుకున్నారు. ఒకడు పారిపోతే ఆళ్ళగడ్డ దగ్గర పట్టి తెచ్చి అందరి ముందూ కొట్టారు. అమ్మ చచ్చిపోయిందని తెలిసినా ఒకామెను పంపలేదు. బోర్డు మీద నంబరుకు ఎందుకు చేయలేదని శ్రావణి అడిగింది. అడిగిన తర్వాత ఆ ప్రశ్నకు ఆమెకే సిగ్గేసింది.

“నంబరు శానా పెద్దచ్చరాలతో రాయించినావు తల్లీ. కండ్లు కనపడనోళ్ళకు గూడా కనపడ్తాది. మా ఫోన్లే మేస్త్రీ సంచిలో ఉండాయి.”

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. సెలవు పుస్తకం ప్రకారం వీళ్ళంతా ప్రతి ఆదివారం బయటికి పోయి వచ్చారు. ఆరు నెలలుగా ఆమె సంతకమే అందుకు సాక్ష్యం.

నరసింహ కారు దిగీ దిగగానే గిడ్డయ్యను బండబూతులు తిట్టాడు. మంగంపేట గనుల్లో పని మానేసి వచ్చినవాణ్ణి జాలిపడి పెట్టుకుంటే కొంప ముంచాడన్నాడు. గాబ్రియేలు భుజం మీద చెయ్యి వేశాడు. సాయంత్రానికల్లా కంపెనీ వ్యానులో అందరినీ ఇంటికి చేరుస్తానన్నాడు. వ్యాను మాట వినగానే గాబ్రియేలు భుజం పక్కకు లాక్కున్నాడు. మిగతా తొమ్మిదిమందీ ఒకరి వెనక ఒకరు నక్కారు. పారిపోయినవాణ్ణి పట్టి తెచ్చింది ఆ వ్యానులోనే.

లేబర్ ఆఫీసరు యేసుప్రసాద్ ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు. అందరి మాటా విన్నాడు. నరసింహ అందించిన సెలవు పుస్తకం తిరగేశాడు. పుస్తకంలో పోయి వచ్చినట్టే ఉందని, ఈ ఒక్క రోజు తప్పు మేస్త్రీదే అయితే కేసు అతని మీదే రాస్తానని, కూలీలను యజమాని ఊరికి పంపవచ్చని చెప్పాడు. యజమాని దోషి అయితే సంగతి వేరు. అప్పుడు వెట్టి నుంచి విడుదలైనట్టు పత్రాలిచ్చి ప్రభుత్వమే తీసుకుపోతుంది.

“ఈ పుస్తకం పెట్టింది మీరే గదమ్మా? మీరు చెప్పండి. ఎవరి పేరు రాయమంటారు?”

శ్రావణి పుస్తకం అందుకుంది. ఎన్నోసార్లు చూసిన పేజీలే. ఎప్పుడూ ముద్రలు ఉన్నాయా లేవా అని చూసిందే తప్ప ముద్రను చూడలేదు. ఇప్పుడు చూసింది. పన్నెండు పేర్లు, పన్నెండు ఎడమ బొటనవేళ్ళు. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

“గాబ్రియేలన్నా, నీ ఎడమ చెయ్యి చూపించు.”

రెండేళ్ళుగా గరుసు నేలలో గడ్డి పిలకలు నాటి బొటనవేలితో అదిమి అదిమి, అతని వేలి చర్మం సానరాయిలా నున్నగా అరిగిపోయింది. ఒక్క గీత లేదు. మిగతావాళ్ళ వేళ్ళూ అంతే. ఆ వేళ్ళతో ఈ ముద్రలు పడవు.

ప్రతి ముద్రలోనూ అడ్డంగా ఒక తెల్లటి గాటు ఉంది. ఒకే చోట, ఒకే వాలు. అంటు కట్టే మామిడి పుల్లను ఎడమ బొటనవేలికి ఆనించి చెక్కేటప్పుడు అంటుకత్తి జారితే పడే గాటు అది. గనుల్లో రాళ్ళు మోసిన గిడ్డయ్య జన్మలో అంటుకత్తి పట్టలేదు. ఈ నర్సరీలో తల్లిచెట్టు పుల్లను ఒకే ఒక మనిషి కోస్తాడు. ఇంకొకరి చేతికి కత్తి ఇవ్వడు. పరాయి చెయ్యి పడితే పని చెడుతుందన్నది ఆయన నమ్మకం. దొంగముద్రలు కూడా అందుకే ఇంకొకరి చేత వేయించలేదు.

శ్రావణి తలెత్తింది. నరసింహ ఎడమ చెయ్యి అప్పటికే జేబులోకి పోయింది.

“పాపా,” అన్నాడు గొంతు తగ్గించి, “ఇంటి మాట ఇంట్లో మాట్లాడుకుందాం. కింద నీ సంతకాలుండాయి. మర్చిపోవద్దు.”

“మర్చిపోలేదు నాయనా. నా సంతకానికి నేనే జవాబు చెప్తా.”

పుస్తకం తెరిచి ఆఫీసరు ముందు పెట్టింది.

“గిడ్డయ్య వట్టి తాళంచెవి సార్. వీళ్ళను రెండేళ్ళు బందీలుగా పెట్టింది వాడు కాదు. ఈ ముద్రలన్నీ ఒక్క వేలివి. ఆ వేలు ఈయన జేబులో ఉండాది, బయటికి తీయమనండి.”

“పేరు చెప్పండమ్మా,” అన్నాడు యేసుప్రసాద్, కలం మూత తీస్తూ.

శ్రావణి తండ్రి కళ్ళలోకే చూస్తూ చెప్పింది.

“నరసింహ. మా నాయన.”