కండముక్క సాక్ష్యం

మా ఉపేందర్‌ను ఎవరన్నా సోమరి అంటే నా చెయ్యి చెప్పు మీదికి పోతుంది, ముందే చెబుతున్నాను. ఇరవై నాలుగేళ్ళ నా కొడుకు. మా ఆయన రఘుపతి పోయాక ఆయన ఉద్యోగం వాడికి వచ్చింది. సెంటినరీ కాలనీలో మేముండే క్వార్టరూ, మా ఇద్దరి తిండీ అన్నీ ఆ ఉద్యోగం మీదే. మొదటి ఏడాది మంచి పేరుతో గడిస్తేనే అది పక్కా అవుతుంది.

బొగ్గుబాయిలోకి దిగడం వాడికి కష్టం కాదు. షిఫ్టు అయ్యాక పైకి ఎక్కే దారిలోనే వచ్చేది తంటా. వంద అడుగులు వేయకముందే తొడలు బిగుసుకుపోయి నిలబడిపోయేవాడు. కాసేపు ఆగి, మెల్లగా కదిలి, పది నిమిషాలు గడిచాక చూస్తే అందరికన్నా ముందు ఉండేవాడు. అదే కొంప ముంచింది.

"గిప్పుడే కాళ్ళు గుంజుతున్నయంటివి, గంతల్నే ఉరుకవడ్తివి. ఎవలకు చెప్తవ్‌రా కథలు?" అని వాళ్ళ మీద అజమాయిషీ చేసే సర్దార్ మండిపడి, పని ఎగ్గొడుతున్నాడని రిపోర్టు రాశాడు.

ఒకరోజు ఇనుప దిమ్మెలు మోసి ఇంటికొచ్చిన పిల్లవాడికి మూత్రం డికాక్షన్ రంగులో పడింది. కామెర్లు అనుకుని జైపూర్ అవతలి నుంచి ఆకు పసరు తెచ్చి మూడు రోజులు పోశాను. తెలివి తెల్లారినట్టే ఉంది నాది! చివరికి కంపెనీ దవాఖానవాళ్ళు హైదరాబాద్ పంపించారు. అక్కడి డాక్టరు వాడి తొడలోంచి చిక్కుడు గింజంత కండముక్క తీసి పరీక్షకు పెట్టాడు.

వారం తర్వాత ఆయన నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాడు. మొదటి గాజు పలకలో కండపోగుల అంచుల వెంట గులాబీరంగు కుప్పలు కనిపించాయి. అవి చక్కెర నిల్వలట, గ్లైకోజన్ అంటారట. తర్వాత ఎవరిదో మంచి కండ చూపించాడు, మందు వేస్తే ముదురు రంగు పట్టింది. అదే మందు వేసిన మా వాడి కండ తెల్లగా పాలిపోయి ఉంది. నిల్వను కరిగించే ఎంజైమ్ ఉంటేనే ఆ రంగు పడుతుందట, వీడికి పుట్టుకతోనే అది లేదట.

"అంటే బంకరు నిండ బొగ్గున్నది గని కింద గేటు తెరుసుకుంటలేదన్నట్టా సారూ?" అన్నాను.

ఆయన నవ్వి, "నేను విద్యార్థులకు ఇంత బాగా చెప్పలేదమ్మా," అన్నాడు. నవ్వు ఆపి ఇంకో మాట చెప్పాడు. బరువు మోస్తే కండ మళ్ళీ కరిగి మూత్రంలోకి వస్తుంది, ఇంకోసారి అలా అయితే కిడ్నీలు పోవచ్చు, కాబట్టి బాయిలోపలి పని మాన్పించమన్నాడు.

ఇక మిగిలింది మెడికల్ బోర్డు. వాళ్ళు బాయి బయట, ఉపరితలం మీద పని రాస్తే ఉద్యోగమూ ఉంటుంది, పిల్లవాడూ ఉంటాడు. 'ఫిట్' అని రాస్తే తెల్లారి మళ్ళీ బాయిలోకే. పోకుంటే ఉద్యోగం ఊడుతుంది.

నాకు భయం లేదు, చేతిలో హైదరాబాద్ డాక్టరు రిపోర్టు ఉంది కదా! కానీ మా క్వార్టర్ల లైన్‌లో పోశమన్న ఉన్నాడు. మోకాళ్ళు పోయాయని అన్‌ఫిట్ రాయించుకుని కొడుక్కి ఉద్యోగం ఇప్పించుకోవాలని రెండుసార్లు బోర్డుకెళ్ళి, రెండుసార్లూ 'ఫిట్' అనిపించుకుని తిరిగొచ్చిన మొనగాడు. మా బొగ్గు బెల్టులో బోర్డుకు పోయేవాళ్ళందరికీ ఆయనే మాస్టారు.

"కాయిదం ఎవ్వడు సూస్తడు చెల్లె? మనిషి నడక సూస్తరు. కుడికాలు ఈడ్వుమను. కుర్సీలకెల్లి లేశెటప్పుడు 'అమ్మా' అని ఒర్రుమను. గట్లయితెనే పనైతది."

"అమ్మా, కూసున్నప్పుడు నాకేం నొప్పుండదే. నడుసుడు మొదలువెడితెనే గద," అన్నాడు ఉపేందర్.

"నోరు మూసుకొని చెప్పినట్టు చెయ్యి!" అన్నాను. వారం రోజులు క్వార్టరు ముందు వాడితో కుంటించాను. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు, ఆ కోతి మాట విన్న నన్నేమనాలి?

బోర్డు రోజున బెంచీ మీద మా పక్కనే పోశమన్న కూడా ఉన్నాడు, మూడోసారి. మా పేరు పిలిచారు. లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో డాక్టర్ సారిక. మా వాడు కుంటుతూ వెళ్ళాడు, 'అమ్మా' అంటూ కూర్చున్నాడు, 'అమ్మా' అంటూ లేచాడు. ఆమె వాడి మోకాలి మీద సుత్తితో తట్టి చూసి, తలుపు దాకా నడిచి రమ్మంది.

"బాబూ, వచ్చేటప్పుడు కుడికాలు, ఇప్పుడు ఎడమకాలు. ఏదో ఒకటి తేల్చుకోండి," అని ఫైలు మూసింది. రిపోర్టు మొదటి పేజీ కూడా తిప్పలేదు. పక్కనున్న పెద్దాయన పెన్ను తీశాడు.

ఆయన రాయబోయే ఒక్క మాటతో నా కొడుకు కిడ్నీలు పోతాయి, దానికి కారణం నేనే. బల్ల మీద అరచెయ్యి చరిచాను.

"ఆగుండ్రి మేడం! నాటకం నాది, జబ్బు వానిది. కుంటుమని నేనె నేర్పిన. తిడితె నన్ను తిట్టుండ్రి. గని హైదరాబాదుల వాని కండముక్కున్నది సూడుండ్రి, దానికి నేనేం నేర్పలె!"

పెద్దాయన పెన్ను ఆగింది. ఆమె ఫైలు మళ్ళీ తెరిచింది. చదువుతున్న కొద్దీ ముఖం మారింది. "అంచుల్లో గ్లైకోజన్ నిల్వలు. ఫాస్ఫోరిలేజ్ ఎంజైమ్ రంగు అసలు లేదు," అని పక్కవాళ్ళకు చూపించింది. తర్వాత మా వాడి వైపు తిరిగింది.

"ఈ జబ్బులో కుంటడం ఉండదు బాబూ. నటన మానేసి వరండాలో గబగబా నడువు. నొప్పొస్తే వేగం తగ్గించు."

వేలికి నాడి చూసే చిన్న మిషను తగిలించారు. ఐదు నిమిషాలకే వాడి ముఖంలో నొప్పి కనిపించింది, అడుగు నెమ్మదించింది. నాడి నూట యాభై దాటింది. ఏడో నిమిషం, ఎనిమిదో నిమిషం. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పదో నిమిషానికి వాడి భుజాలు వదులయ్యాయి, నడక మళ్ళీ ఊపందుకుంది. నడక పెరిగినా నాడి నూట పద్దెనిమిదికి దిగింది.

"పది నిమిషాలకు కండకు రక్తంలోంచి వేరే ఇంధనం అందుతుంది, అప్పుడే నాడి ఇలా దిగుతుంది. కాలుతో నటించొచ్చు, గుండెతో కాదు," అంది డాక్టర్ సారిక. "ముందే మామూలుగా నడిపిస్తే ఈ గోలంతా ఉండేది కాదు కదమ్మా."

"నా చెంప నేనె కొట్టుకుంట మేడం," అన్నాను. నిజంగానే కొట్టుకున్నాను.

దీపాలిచ్చే ల్యాంప్ రూంలో పని రాశారు. బరువులు వద్దు, బాయిలోకి దిగొద్దు అని కింద గీత కూడా గీశారు. గెలిచిన రాణిలా బయటికొచ్చాను. పోశమన్న మోకాళ్ళ సంగతి మరిచిపోయి చటుక్కున లేచి నిలబడ్డాడు.

"అయిందా చెల్లె? శబాష్! గా జబ్బు పేరేంది? ఎవలతోని రాయించినవ్? జెర నాక్కూడ చెప్పు, నేనూ గదే రాయించుకుంట."

నవ్వాలనుకున్నాను, తిట్టాలనుకున్నాను. రెండూ రాలేదు.

"అది ఏ డాక్టరు రాస్తె వచ్చేది గాదన్న. సగం తల్లియ్యాలె, సగం తండ్రియ్యాలె. రఘుపతి నాకు మేనబావ. ఇష్టపడి చేసుకున్నం. ఇద్దరం కల్సి మా పోరనికి గిదిచ్చినం," అన్నాను. మా ఆయన పోయిన రోజు తర్వాత నేను నలుగురిలో ఏడ్చింది అప్పుడే.

ఉపేందర్ నా చేతిలోని ఫైలు తీసుకున్నాడు.

"ఏడుస్తవేందే పిచ్చిదాన? గా రెండు సగాలు కలిస్తెనే గద నేను పుట్టింది. నడువు, రేపు నాకు ఫస్టు షిఫ్టున్నది."