నూరిన మాత్ర

అద్దాలు కోసే ఆయనకు మాటలు తక్కువ. కిటికీకైనా పటానికైనా కొలత చూసుకుని ఒక్క గీత గీసేవాడు, టక్కున విరిచేవాడు. వణుకు జబ్బు వచ్చాక ఆ గీత వంకర పోసాగింది. మెదడులో కదలికను నడిపించే కణాలు కొద్దికొద్దిగా చచ్చిపోతున్నాయనీ, పోయినవాటిని తెచ్చే మందు లేదనీ, ఉన్నవాటితోనే నెట్టుకురావాలనీ డాక్టర్లు తేల్చేశారు.

అప్పుడు దొరికింది మందులమ్మ. ఆ పేరు ఆయన పెట్టిందే. పెద్దాసుపత్రి వెనక మేడలో పరిశోధన చేసే మనిషి ఆవిడ. మింగిన మందును కాలేయం ఎంత వేగంగా అరగదీస్తుంది, మెదడుదాకా ఎంత మిగులుతుంది అన్నది కనిపెట్టడం ఆవిడ పని. రోజంతా కొంచెం కొంచెంగా కరిగే కొత్త మాత్ర ఒకటి పరీక్షకు పెట్టి, ఇంకొందరితో పాటు ఈయన్నీ చేర్చుకున్నారు. పొద్దున ఇంట్లో అది వేసుకుని రావాలి. ఆవిడ గంటగంటకూ నెత్తురు తీసి, మందు ఎంతుందో కంప్యూటర్లో గీత గీస్తుంది.

అందరి గీతలూ మెల్లగా లేచి సాయంత్రందాకా సాఫీగా సాగుతుంటే, ఈయనది మాత్రం తారాజువ్వలా లేచి మధ్యాహ్నానికి చతికిలబడేది. చేతులూ అంతే, పొద్దున కుదురుగా ఉండి మధ్యాహ్నానికి మళ్లీ వణికేవి. ఈయన కాలేయం మందును ఊరికే మింగేస్తోంది, పరీక్షలోంచి తీసేద్దామని పెద్ద డాక్టరు అన్నాడు. ఆ మాట తలుపు ఇవతల కూర్చున్న భార్యాభర్తల చెవిన పడింది. ఈ మాత్ర కూడా పోతే ఇక చేతుల మీద ఆశ వదులుకోవడమే. మందులమ్మ ఇంకొక్క వారం ఆగమని పెద్ద డాక్టరును బతిమాలింది.

ఆ వారం బస్సు కోసం హడావిడిపడి మాత్ర వేసుకోకుండానే వచ్చేశారు. నర్సు అక్కడే మాత్రా నీళ్లూ చేతిలో పెట్టింది. ఆయన నానా తంటాలూ పడి, పొలమారి, ఎలాగో మింగాడు. ఆ రోజు గీత సాయంత్రందాకా నిలబడింది.

మందులమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "బాబాయ్, ఇంట్లో మాత్ర ఎలా వేసుకుంటున్నారు?"

ఆయన భార్యవైపు చూడలేదు, చూస్తే ఆమె దొరికిపోతుందని. "నేనే నూరుకుంటున్నానమ్మా," అన్నాడు.

"ఆయన మొహం," అంది భార్య. "వంటింట్లో గరిటె ఎక్కడుంటుందో తెలీదు, ఈయన నూరడమొకటి. నేనేనమ్మా."

మొదట్లో ఒకసారి మాత్ర గొంతుకు అడ్డంపడి ఆయన కళ్లు తేలేశాడట. అప్పటినుంచీ మెత్తగా నూరి, తేనెలో రంగరించి తినిపిస్తోంది. మింగలేడని తెలిస్తే తీసేస్తారేమోనని, మాత్ర మింగుతున్నాడా అని ఇక్కడ అడిగినప్పుడల్లా అవునని తలూపేసిందట.

మందులమ్మ కోప్పడలేదు. రోజంతా కరగాల్సినదాన్ని నూరేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగి, ఒక్కసారే అయిపోతుందని నెమ్మదిగా చెప్పింది. "పాపం, ఇన్నాళ్లూ బాబాయ్ కాలేయాన్ని ఆడిపోసుకున్నాం," అని నవ్వింది.

"మరి తీసేస్తారా?" భార్య అడిగింది అదొక్కటే.

ఉన్నదున్నట్టు పెద్ద డాక్టరుకు చెప్పక తప్పదనీ, పాత లెక్కలు కొట్టేస్తారనీ, మింగడం కుదిరితే మళ్లీ మొదలుపెట్టొచ్చనీ ఆవిడ చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, గొంతు డాక్టరును పిలిపించింది. ఆ డాక్టరు గొంతు పరీక్షించి, మెత్తగా మెదిపిన అరటిపండులో మాత్ర పెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి మింగమన్నాడు. ఆయన అలాగే చేశాడు. మాత్ర దిగింది. పొలమారలేదు. పెద్ద డాక్టరు కాసేపు సణిగి, సరే, ఉండనివ్వమన్నాడు.

బస్టాపులో భార్య కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అంత మందునూ చేతులారా పాడుచేశానని కుమిలిపోతోంది. ఓదార్చడం ఆయనకు చేతకాదు. రోడ్డుకేసి చూస్తూ అన్నాడు:

"ఆ రోజు అడ్డంపడ్డాక మాత్ర జోలికే పోకూడదనుకున్నా. నువ్వు నూరి పెట్టబట్టి గానీ, లేకపోతే ఎప్పుడో మానేసేవాణ్ని."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సరే, నా సంగతి అలా ఉంచండి. ఆ అమ్మాయి ఆగమని బతిమాలబట్టి కదా మనం నిలబడ్డాం. ఆ పిల్లతో ఒక మంచి మాటన్నా అన్నారా?"

అనలేదు. బస్సు వస్తున్నా ఆయన వెనక్కి తిరిగాడు. ఆసుపత్రి మెట్లెక్కి, మందులమ్మ గది గుమ్మంలో నిలబడ్డాడు. దారంతా ఏవేవో మంచి మాటలు కూడబలుక్కుంటూనే వచ్చాడు.

"వెళ్లొస్తామమ్మా," అన్నాడు.

"ఇందాకే చెప్పారుగా బాబాయ్."

"మళ్లీ చెప్పాలనిపించింది."